పాత పికప్ కొంటున్నారా? రేటు మాట్లాడే ముందు చాసీ నంబర్ చదవండి

మా నల్లగొండ వైపు సెకండ్ హ్యాండ్ పికప్ చూడటానికి పోతే అందరూ చేసే పని ఒకటే. బోనెట్ లేపుతారు, ఇంజన్ స్టార్ట్ చేసి రేస్ ఇస్తారు, పొగ ఏ రంగులో వస్తుందో చూస్తారు, టైర్లను కాలితో తంతారు, బాడీ కింద తుప్పు ఎంతుందో వంగి చూస్తారు, ఇక రేటు మొదలు. ఆ బండి అసలు ఏ బండో చెప్పే నంబర్ దగ్గరికి మాత్రం చాలామంది పోరు. ఆర్సీ ఉంది కదా, ముందర నంబర్ ప్లేట్ ఉంది కదా అనుకుంటారు. నన్ను ఎవరైనా పాత బొలెరో పికప్ గానీ, టాటా 207 గానీ, ఏస్ గానీ చూడటానికి తోడు రమ్మంటే నేను మొదట అడిగేది ఒక టార్చ్, పాత గుడ్డ, కొంచెం కిరోసిన్. అమ్మేవాళ్లకు చిరాకొస్తుంది. "ఇంజన్ చూడకుండ చక్రం కాడ కూసొని ఏం చూస్తున్నవన్నా" అంటారు. ఇంజన్ బాగా లేకపోతే బోర్ చేయించుకోవచ్చు. చాసీ అంటే బండినంతా కింద మోసే ఇనుప ఫ్రేమ్, దాని నంబర్ తేడాగా ఉంటే ఆ బండి మన పేరు మీదికి రాదు, రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందనే ఫిట్‌నెస్ కాగితం రాదు, ఇన్సూరెన్స్ డబ్బులు రావు, మళ్లీ అమ్ముదామన్నా కొనేవాడు దొరకడు.

గుర్తింపు వివరాలు బండి మీద మూడు చోట్ల ఉంటాయి. ఒకటి కంపెనీ ప్లేట్. సన్నటి రేకు, రివిట్లతో బిగించి ఉంటుంది, బండిని బట్టి బోనెట్ కిందో, డోర్ పక్క పిల్లర్ మీదో దొరుకుతుంది. దాని మీద కంపెనీ పేరు, చాసీ నంబర్, లోడుతో కలిపి బండి మొత్తం బరువు ఎంత ఉండొచ్చో, ముందు ఇరుసు ఎంత మోస్తుందో, వెనక ఇరుసు ఎంత మోస్తుందో రాసి ఉంటుంది. రెండోది చాసీ ఫ్రేమ్ ఇనుము మీదే గుంటలు పడేలా కొట్టిన చాసీ నంబర్, దాన్నే పంచింగ్ అంటారు. చాలా పికప్‌లకు ఇది కుడివైపు ఫ్రేమ్ మీద, ముందు చక్రం దగ్గర్లో ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి టార్చ్ వేస్తే కనపడుతుంది. మూడోది ఇంజన్ బ్లాక్ మీద ఉండే ఇంజన్ నంబర్. చాసీ నంబర్, ఇంజన్ నంబర్, తయారైన నెల బండి మీద ముద్రించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 122వ నిబంధన కంపెనీలకు చెబుతుంది.

ఈ మూడింటిలో దేన్ని నమ్మాలి అంటే, ఫ్రేమ్ మీద ఉన్నదాన్నే. ప్లేట్ రివిట్లతో ఉంటుంది, రివిట్ డ్రిల్ చేసి తీయడం పది నిమిషాల పని. ఇంజన్‌ను ఎవరైనా మార్చుకుంటారు, మార్చాక ఆర్టీఏ ఆఫీసులో చెప్పి ఆర్సీలో కొత్త నంబర్ ఎక్కించుకోవాలి, అది వేరే సంగతి. ఫ్రేమ్ మీద నంబర్ మాత్రం ఇనుములోకి దిగి ఉంటుంది. ముందరి నంబర్ ప్లేట్‌ను నమ్ముకోవడం ఇంకా అర్థం లేని పని. ఏపీ 24 అంటే ఒకప్పటి నల్లగొండ, ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్. 2014 తర్వాత అవి టీఎస్ 05, టీఎస్ 06 అయినయి, 2016లో జిల్లాలు విడిపోయాక సూర్యాపేటకు 29, నాగర్‌కర్నూల్‌కు 31, గద్వాలకు 33 వచ్చినయి, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ. బండి రాష్ట్రం మారితే ఆ నంబర్ కూడా మారిపోతుంది. మారనిది చాసీ నంబర్ ఒక్కటే.

విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, సూర్యాపేట వైపు ముందు నుంచి గుద్దుకున్న పికప్‌లు షెడ్లలో కనపడుతుంటాయి. ఫ్రేమ్ బాగానే ఉండి క్యాబిన్ నుజ్జయితే, స్క్రాప్ నుంచి ఇంకో బండి క్యాబిన్ తెచ్చి ఎక్కిస్తారు. తప్పేం లేదు, కొత్త క్యాబిన్ కొనే స్తోమత అందరికీ ఉండదు. కానీ ఆ క్యాబిన్‌తో పాటు దానికున్న కంపెనీ ప్లేట్ కూడా వస్తుంది. ఇక బోనెట్ లేపితే ఒక నంబర్, ఫ్రేమ్ మీద ఇంకో నంబర్. దేవరకొండ దగ్గరి ఒక తమ్ముడు ఇలాంటి బండి కొన్నాడు, ఫిట్‌నెస్‌కు పోతే ప్లేట్ మీది నంబర్ చూసి పక్కన పెట్టమన్నారు. అతనికి గుండె ఆగినంత పనైంది, దొంగ బండి అంటారేమోనని. నయం ఏంటంటే పాత ఓనర్ యాక్సిడెంట్ అప్పటి ఇన్సూరెన్స్ క్లెయిమ్ కాగితాలు, షెడ్డు బిల్లు పారేయకుండా పెట్టుకున్నాడు, ఫ్రేమ్ మీద పంచింగ్ ఆర్సీతో అక్షరం అక్షరం కలిసింది, దాంతో పని అయింది. క్యాబిన్ మార్చిన బండి కొనొద్దని నేను అనను. మార్చినట్టు చూపించే కాగితం లేకుండా కొనొద్దు అంటాను. ఆ స్క్రాప్ ప్లేట్‌ను పీకి పారేస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, అది అస్సలు వినకండి, ప్లేట్ లేని బండి మీద అనుమానం ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు ఆ నంబర్‌ను ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే అందులో చాలా విషయం ఉంది. ఈ కాలపు బండ్లకు అందులో అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17 ఉంటాయి. మొదటి మూడు తయారీ కంపెనీవి. మహీంద్రా బండి అయితే ఎంఏ1 అని, టాటా అయితే ఎంఏటీ అని, అశోక్ లేలాండ్ అయితే ఎంబీ1 అని మొదలవుతుంది. బొలెరో పికప్ చాసీ మీద మొదట్లోనే ఎంఏటీ కనపడిందంటే ఇంక అక్కడ నిలబడాల్సిన పని లేదు. పదో స్థానం చాలా కంపెనీల్లో తయారైన సంవత్సరం చెబుతుంది. 2001 నుంచి 2009 దాకా 1 నుంచి 9 అంకెలు, 2010కి ఏ, 2011కి బీ, 2012కి సీ, అలా పోతుంది. ఐ వదిలేస్తారు కాబట్టి 2017కి హెచ్ అయితే 2018కి జే. నెలకు కూడా ఒక అక్షరం ఉంటుంది గానీ అది ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెడుతుంది. దీనితో ఉపయోగం ఏంటంటే, అమ్మేవాడు "2012 మోడల్ అన్నా" అంటాడు, ఆర్సీ మీద రిజిస్ట్రేషన్ 2012 అనే ఉంటుంది, పదో స్థానంలో మాత్రం బీ ఉంటుంది. అంటే 2011లో తయారై షోరూంలో ఉండి తర్వాత ఏడాది రోడ్డెక్కిన బండి. మోసం అనక్కర్లేదు, రేటు దగ్గర మాత్రం గట్టిగా మాట్లాడొచ్చు. ఇంకా పాత కాలం జీపులు, పికప్‌లు చూస్తే 17 ఉండవు, నంబర్ పొట్టిగా ఉంటుంది. అంతమాత్రాన దొంగ బండి అనుకోవద్దు, అప్పట్లో కంపెనీలు ఎవరి పద్ధతిలో వాళ్లు కొట్టారు.

ఈ 17 అక్షరాల నంబర్‌లో ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. 1, 0 అంకెలతో కలిసిపోతాయనే వాటిని తీసేశారు. ఇది తెలియక ఎంతమంది తిప్పలు పడుతున్నారో. పాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు సున్నాను ఓ అని కొట్టేసిన ఆర్సీలు ఉన్నాయి, 8ని బీ అని, 5ని ఎస్ అని, 2ని జెడ్ అని కొట్టినవీ ఉన్నాయి. రోజూ తిరిగేటప్పుడు ఏం తెలియదు. బండికి ఏమన్నా అయి క్లెయిమ్‌కు పోయిన రోజు ఇన్సూరెన్స్ సర్వేయర్ ఫ్రేమ్ మీద చూసి, ఆర్సీలో చూసి, కలవడం లేదంటాడు. బత్తాయి లోడుతో బాటసింగారం మార్కెట్‌కు పోయే బండి ఒకటి అలా షెడ్డులోనే ఉండిపోయింది, ఒకే ఒక్క అక్షరం తేడా, కిస్తీలు మాత్రం ఆగవు కదా. కాబట్టి ఆర్సీలో ఓ కనపడితే అది సున్నా అయి ఉండాలి. కొనక ముందే అమ్మేవాడితోనే సరిచేయించండి. మన పేరు మీదికి వచ్చాక తిరగాల్సింది మనమే.

ప్లేట్ మీద బరువు సంగతి కూడా చూడండి. అక్కడ రాసిన మొత్తం బరువులో నుంచి ఆర్సీలో ఉన్న ఖాళీ బండి బరువు తీసేస్తే ఎంత లోడు వేయొచ్చో తేలిపోతుంది. ఒకే బొలెరో పికప్ పేరుతో వేర్వేరు కెపాసిటీలు వచ్చాయి, బయటికి చూస్తే తేడా తెలియదు, బ్రోకర్ ఎప్పుడూ పెద్దదే చెప్తాడు. ప్లేట్ చదివితే వాదన ఉండదు. లైసెన్స్‌కు కూడా ఇదే బరువు లెక్క. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉంటే ఎల్ఎంవీ, అంటే తేలికపాటి బండ్ల లైసెన్స్‌తో ట్రాన్స్‌పోర్ట్ బండి నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. పికప్‌లన్నీ అందులోకే వస్తాయి, డీసీఎంలు, అంటే పికప్ కంటే పెద్ద లోడు బండ్లు, కొనేవాళ్లు మాత్రం తప్పకుండా చూసుకోవాలి.

గద్వాల, నారాయణపేట, మక్తల్ వాళ్లకు ఒక మాట. రాయచూరు దగ్గర కాబట్టి కేఏ 36, అంటే కర్ణాటక రాయచూరు నంబర్ బండ్లు తక్కువ రేటుకు వస్తాయని తెచ్చుకుంటారు. అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం కావాలి, అది ఫారం 28, దాని మీద చాసీ నంబర్ పెన్సిల్ ప్రింట్ అతికించాలి. నంబర్ మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దితే అక్షరాలు తెల్లగా తేలతాయి. ఈ ప్రింట్‌ను ఏజెంట్‌కు వదిలేయకుండా మీ చేత్తో మీరే తీయండి. అలా తీసేటప్పుడు తెలుస్తుంది ఆ నంబర్ ఎలా ఉందో. అక్షరాల ఎత్తు ఒకటేలా ఉందా, మధ్యలో ఏదైనా పక్కకు వాలిందా, చుట్టూ తుప్పు పట్టిన ఇనుములో ఆ ఒక్క ముక్కే నున్నగా మెరుస్తుందా, వెల్డింగ్ గీత ఏమన్నా తగులుతుందా, అక్కడ మాత్రమే కొత్త రంగు ఉందా. వీటిలో ఒక్కటి కనపడినా రేటు ఎంత తగ్గించినా సరే లేచి వచ్చేయండి. నంబర్ అరగదీసిన వాళ్లు అది పూర్తిగా పోయిందనుకుంటారు గానీ పోదు. పంచ్ కొట్టినప్పుడు కింద ఉన్న ఇనుము కూడా నొక్కుకుపోతుంది, పైన అరగదీసినా ఆ నొక్కుడు లోపల ఉంటుంది. ఫోరెన్సిక్ వాళ్లు అక్కడ యాసిడ్ కలిపిన ద్రావణం పూస్తే నొక్కుకున్న ఇనుము ఒకలా, పక్కనున్నది ఒకలా తినుకుపోయి పాత నంబర్ బయటికి వస్తుంది. ఆ రోజు స్టేషన్‌లో ఉండేది ఎవరి బండి? చివర కొన్నవాడిది.

దొంగతనం సంగతి పక్కన పెడితే, నాకు ఎక్కువ బాధ కలిగించేది నిజాయితీగా నడుపుకునేవాళ్ల బండ్ల మీద నంబర్లు చెరిగిపోవడం. తడి ఇసుక, యూరియా బస్తాలు, గొర్రెల లోడు, వీటి నీళ్లన్నీ కారేది ఫ్రేమ్ మీదికే. ఎరువు తేమ తగిలిన ఇనుము చాలా త్వరగా తుప్పు పడుతుంది. దాని మీద ఏడాదికోసారి ఫిట్‌నెస్‌కు ముందు పెయింటర్ వచ్చి నంబర్, ప్లేట్ ఏదీ చూడకుండా రంగు కొట్టేస్తాడు, కింద నల్ల కోటింగ్ మందంగా వేస్తాడు. ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్ చేయించాలి, అంటే ప్రతి ఏడాదీ ఆ నంబర్ ఎవరో ఒకరికి కనపడాలి. అక్కడికి పోయాక కనపడకపోతే హడావుడిగా గ్రైండర్ తెచ్చి గీకిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గ్రైండర్ పెడితే తుప్పుతో పాటు అక్షరం కూడా పోతుంది, పైగా చూసేవాడికి మనమే ఏదో చేసినట్టు కనపడుతుంది. ఎమ్రీ పేపర్ కూడా వద్దు. కిరోసిన్ గానీ థిన్నర్ గానీ గుడ్డతో అద్ది కాసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో మెల్లగా తోమండి. తుడిచాక చాక్ పీస్ అడ్డంగా రుద్దితే గుంటల్లో తెల్ల పొడి నిలిచి అంకెలు కనపడతాయి. టార్చ్ ఎదురుగా కాకుండా పక్క నుంచి వేయండి, నీడలు పడి సగం అరిగిన అక్షరం కూడా తెలుస్తుంది.

శుభ్రం చేశాక ఫోన్‌లో మంచి ఫోటో తీసి పెట్టుకోండి, ప్లేట్‌ది, పంచింగ్‌ది, ఇంజన్‌ది, మూడూ. తర్వాత పంచింగ్ మీద పల్చగా గ్రీజు పూయండి, దుమ్ము అంటుకుంటుంది గానీ తుప్పు దగ్గరికి రాదు, కావాల్సినప్పుడు గుడ్డతో తుడిస్తే చాలు. పెయింటర్‌కు బండి ఇచ్చే రోజు పొద్దున్నే ప్లేట్ మీద, పంచింగ్ మీద మాస్కింగ్ టేప్ మీరే అతికించి ఇవ్వండి. అన్నా జాగ్రత్త అని నోటితో చెప్పి వస్తే సాయంత్రానికి అది కూడా రంగులోనే ఉంటుంది. పాత ప్లేట్ రివిట్ ఊడి వేలాడుతుంటే ఫెవిక్విక్‌తో అతికించడం, స్క్రూ బిగించడం మొదలుపెట్టకండి. ఊడినట్టే ముందు ఫోటో తీసి, షోరూం సర్వీస్ వాళ్ల దగ్గరే సరైన రివిట్ వేయించి, బిల్లు రాయించుకొని ఆ కాగితం ఆర్సీ జిరాక్స్‌తో పాటు డ్యాష్‌బోర్డులో పెట్టండి.