తాతయ్య ఉద్యోగం

మా నాన్న సుబేదార్‌గా రిటైరయ్యారు. మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే చాలామందికి తెలుస్తుంది, రెండు ప్రపంచ యుద్ధాలకీ మనుషుల్ని పంపిన ఊరు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కనే యూనిఫాం ఫొటోలు ఉంటాయి. అలాంటి ఇంట్లో పెరిగి జపాన్‌లోని యొకొహామాలో ఇద్దరు పిల్లల్ని పెంచుతున్నాను. పోయినేడాది స్కూల్లో తాతల గురించి రాయమంటే మా అమ్మాయి "ప్రభుత్వ ఉద్యోగి" అని రాసి ఊరుకుంది. అబద్ధమేం కాదు. కానీ నా మనసు చివుక్కుమంది.

అడిగితే, "సైనికుడంటే, ఎవరినైనా చంపాడా అని అడుగుతారమ్మా" అంది.

దాన్ని తప్పుపట్టలేను. చిన్నప్పటి నుంచి ఆగస్టు వస్తే హిరోషిమా కథలు, శాంతి కోసం మడిచే కాగితం కొంగలు. సైన్యం ఉంచుకోం, యుద్ధం చెయ్యం అని చెప్పే రాజ్యాంగం 9వ అధికరణం 1947 నుంచి ఒక్క అక్షరం మారలేదు. మళ్ళీ మా ఇంటి నుంచి రైల్లో అరగంట వెళ్తే యొకొసుకా, అక్కడ అమెరికా యుద్ధనౌకలూ జపాన్ యుద్ధనౌకలూ ఒకే రేవులో. 1954లో జపాన్ పెట్టుకున్న దళాన్ని ఆత్మరక్షణ దళం అంటారు తప్ప సైన్యం అనరు. 2011 సునామీకి దాదాపు లక్షమంది సాయానికి దిగారు కాబట్టి జనానికి వాళ్ళంటే అభిమానమే. మా బాబుకైతే ఆ ఓడల్లో శుక్రవారం శుక్రవారం వండే కర్రీ గురించి తప్ప ఏ బాధా లేదు.

నాన్న వీడియో కాల్‌లో ఇదంతా విని, "కాపలాకి అమెరికావాణ్ణి పెట్టుకుని మాది శాంతి అంటే ఎలాగే?" అన్నారు. అమ్మాయి ఏమీ అనలేదు. తర్వాత స్కూల్ ట్రిప్‌కి ఒకినావా వెళ్ళొచ్చింది. దేశం నేలలో 0.6 శాతం ఉన్న ఆ దీవుల్లోనే, అమెరికా దళాలకే వదిలేసిన స్థావరాల నేలలో 70 శాతం దాకా ఉందట. "తాతయ్య అన్నది సగం నిజం, ఆ కాపలా బరువు మోసేది మాత్రం వాళ్ళు" అంది. 1945లో అక్కడ జరిగిన యుద్ధంలో జపాన్ సైన్యం నర్సులుగా తీసుకెళ్ళిన హిమెయురి అనే దళంలోని విద్యార్థినులు, టీచర్లు 240 మందిలో 136 మంది చనిపోయారని చెబుతూ ఏడ్చేసింది, వాళ్ళదీ ఇంచుమించు దీని వయసే. అక్కడి శాంతి స్మారకం రాళ్ళ మీద ఆ యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల పేర్లు కూడా చెక్కారట.

ఆ మాట విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు. వేసవిలో వచ్చినప్పుడు తననీ అక్కడికి తీసుకెళ్ళమన్నారు. తీసుకెళ్తానంది.

"మెడల్స్ పెట్టుకోవచ్చా అమ్మలూ?"

"వద్దు తాతయ్యా."

"సరేలే" అన్నారు. మర్నాడు అమ్మ ఫోన్ చేసి చెప్పింది, ఆ డబ్బా బీరువాలోంచి తీసి తుడుస్తున్నారట.