విరిగిన గ్లాసు, మిగిలిన ఐదు

అన్నయ్య ఇచ్చిన ఆరు వైన్ గ్లాసుల్లో ఒకటి నిన్న రాత్రి నా చేతిలోనే విరిగింది. కాడ పట్టుకుని పైభాగాన్ని గుడ్డతో గట్టిగా తిప్పాను, పుటుక్కుమంది. చాలా బాధేసింది. తుడిచేటప్పుడు పైభాగాన్నే అరచేతిలో పట్టుకోవాలి, కాడను మెలిపెట్టకూడదు.

మిగిలిన ఐదింటినీ ఇవాళ ఓపిగ్గా కడిగాను. లాసన్స్ బే కాలనీలో మా ఇంటికి బోరు నీళ్లే. ఆరాక గాజు మీద తెల్లటి పొర మిగులుతుంది. అది నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. సబ్బుకు లొంగదు. గోరువెచ్చని నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి 10 నిమిషాలు నానబెడితే కరిగిపోయింది! మంచినీళ్లతో కడిగి, అమ్మ పాత కాటన్ చీర ముక్కతో వెంటనే తుడిచాను. మన వైజాగ్ తేమకి వాటంతటవే ఆరాలంటే మళ్లీ మరకలే. అంచు పల్చన కదా, బోర్లించకుండా నిలబెట్టాను.

ఆరోదాని చోటు ఖాళీగానే ఉంచాను.