తలుపుకు అవతలి వాళ్ళు

రెండు నెలలుగా తగ్గని దగ్గుకూ, సాయంత్రం కాగానే వచ్చే సన్నటి జ్వరానికీ, బట్టలు వదులయ్యేంతగా పడిపోయిన బరువుకూ పని ఒత్తిడే కారణమని నాకు నేనే తేల్చుకుని కాలం గడిపాను. తెమడ పరీక్షలో క్షయ అని బయటపడిన రోజున డాక్టరు గారు రెండు సంగతులు చెప్పారు. ఆరు నెలలు మానకుండా మందులు వాడితే పూర్తిగా నయమవుతుందన్నారు. మందులు పట్టే దాకా, అంటే సుమారు రెండు వారాలు, గాలి వెలుతురు ఉన్న గదిలో విడిగా ఉండమన్నారు. ఇంటికి చేరేసరికి మా అందరికీ ఆ రెండోదే గుర్తుంది.

నా శరీరం గురించి చెప్పవలసింది కొంచెమే. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్ అనే నాలుగు మందులు వాడాను. రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగుకు తిరుగుతుందని ముందే చెప్పారు కనుక కంగారు పడలేదు. వికారం కొన్నాళ్ళు బాధపెట్టింది. జ్వరం మాత్రం రెండో వారంలోనే పోయింది.

జ్వరం పోయినా తలుపు తెరుచుకోలేదు. రెండు వారాల తర్వాత ఇంట్లో తిరగవచ్చని డాక్టరు గారు అన్నా, మేమే భయపడి ఆ ఒంటరితనాన్ని రెండు నెలల దాకా సాగదీశాం. ఈ జబ్బు దగ్గినప్పుడూ మాట్లాడినప్పుడూ గాలిలోకి వచ్చే సూక్ష్మజీవుల వల్ల వ్యాపిస్తుందే తప్ప కంచాల వల్లా బట్టల వల్లా రాదని ఎంత వివరించినా, అత్తయ్య నా గ్లాసును మరిగే నీళ్ళలో వేసి, విడిగా బోర్లించి పెట్టేవారు. మొదట అవమానంగా తోచింది. నా జబ్బు విషయంలో ఆవిడ చేతనయిన పని అదొక్కటేనని ఆలస్యంగా అర్థమై, ఆ తర్వాత ఇక వారించలేదు.

నేను తెలిసి చేసిన తప్పు వేరే ఉంది. ఎనిమిదేళ్ళ మా అమ్మాయితో, ఎవరైనా అడిగితే అమ్మ ఊరెళ్ళిందని చెప్పమన్నాం. ఆ అబద్ధాన్ని నిలబెట్టడం కోసం తను స్నేహితులను ఇంటికి పిలవడం మానేసింది, బడిలో ఎవరితోనూ కలవడం లేదని టీచరు చెప్పి పంపారు, మళ్ళీ రాత్రుళ్ళు పక్క తడపడం మొదలైంది. ఒకరోజు తలుపు అవతల నిలబడి, "నేను అల్లరి చేశాననేనా అమ్మా, నీకు జబ్బు చేసింది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేక కాదు, గొంతు పెగలక కాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి మా వారితో, పాపకు నిజం చెబుదామన్నాను. ఆయన సరేనని లేచి వెళ్ళి, దీపం వేయకుండా మెట్ల మీద ఒక్కరే కూర్చోవడం కిటికీలోంచి చూశాను. మందుల కోసం వెళ్ళినప్పుడు నర్సు ఒకావిడ ఆయనను, "మీరు సరిగా నిద్రపోతున్నారా?" అని అడిగారట, అన్ని వారాల్లో ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కరే. నన్ను పలకరించడానికి రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు, నా బరువు నెలనెలా ఎవరో రాసుకునేవారు. వంట, ఉద్యోగం, పాప చదువు, ముసలి తల్లి భయం అన్నీ మోస్తున్న మనిషికి జబ్బు లేదు కనుక ఆయన సంగతి ఏ కాగితంలోనూ లేదు. నేను కూడా అడగలేదు.

మరునాడు ఆరుబయట కుర్చీలు వేసుకున్నాం. నేను మాస్కు పెట్టుకుని, జబ్బు పేరు చెప్పి, అది సూక్ష్మజీవి వల్ల వస్తుంది గానీ ఎవరి తప్పు వల్లా రాదని పాపకు చెప్పాను. నువ్వు చచ్చిపోతావా అని సూటిగా అడిగింది. లేదు, మందులు పనిచేస్తున్నాయి అని అంతే సూటిగా చెప్పాను. టీచరుకూ నిజం చెప్పాం. అప్పటి నుంచి రోజూ ఒక గంట అక్కడే కలిసి కూర్చునేవాళ్ళం. కబుర్లు ఏమీ లేని రోజున ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకునేవాళ్ళం. వారానికి ఒక సాయంత్రం ఆయన ఇల్లు మరిచి బయటికి వెళ్ళి రావాలని నియమం పెట్టాను. మొదట్లో అరగంటకే తిరిగి వచ్చేవారు.

ఇంట్లో అందరికీ పరీక్షలు చేసి జబ్బు లేదని తేల్చాక, ముందు జాగ్రత్తగా పాపకు కూడా కొన్ని నెలలు మందు ఇచ్చారు. అది తనకు శిక్షలా అనిపిస్తుందేమో అనుకున్నాను గానీ, నేను మాత్ర వేసుకునే వేళకే తనదీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, నా కంటే ముందు మింగి చూపించేది.

ఆరు నెలలు పూర్తయ్యాయి, చివరి తెమడ పరీక్షలోనూ క్రిములు కనబడలేదు. అత్తయ్య నా గ్లాసును అందరి గ్లాసుల్లో కలిపేశారు, ఎప్పుడు కలిపారో నేను గమనించనే లేదు. పక్క తడపడం ఆగిపోయింది. నీళ్ళు తాగుతూ పొలమారి దగ్గితే మాత్రం పాప ఇప్పటికీ పుస్తకంలోంచి తలెత్తి చూస్తుంది. పొలమారింది, అంతే, అంటాను. ఇంకోసారి దగ్గుతానేమోనని కాసేపు ఆగి, మళ్ళీ చదువుకుంటుంది.