అవతలి ఒడ్డు అఫ్ఘానిస్తాన్: పామీర్ దారిలో

తజికిస్తాన్ రాజధాని దుషాన్‌బే నుంచి కిర్గిజ్‌స్తాన్‌లోని ఓష్ దాకా నేల మీదే వెళ్లాలని నిర్ణయించుకున్నప్పుడు నా మనసులో ఉన్నవి పామీర్ కొండలే. తజికిస్తాన్‌లో తొంభై శాతానికి పైగా కొండలే మరి. తిరిగొచ్చాక మాత్రం ఎవరడిగినా ముందు పంజ్ నది గురించే చెబుతున్నాను. కలాయ్‌ఖుమ్ దగ్గర మన పక్కకి చేరిన ఆ నది, వఖాన్ లోయ మీదుగా వెళ్తే లంగర్ ఊరి దాకా కుడివైపునే ఉంటుంది, దాని అవతలి ఒడ్డు అఫ్ఘానిస్తాన్.

దుషాన్‌బే నుంచి ఖోరోగ్‌కి షేర్ జీపులే దిక్కు, సీట్లు నిండితేనే కదులుతాయి. దూరం ఆరు వందల కిలోమీటర్ల లోపే అయినా తెల్లవారుజామున ఎక్కితే రాత్రికి చేరడం కూడా అదృష్టమే, ఎందుకంటే చాలా చోట్ల కొండని తొలిచి వేసిన దారిలో ఒక బండే పడుతుంది, ఎదురుగా చైనా నుంచి వచ్చే లారీల వరస కనిపించిందంటే వెనక్కి తీసుకుని ఆగాల్సిందే. ఈ రోడ్డుని ఎం 41 అంటారు, ఖోరోగ్ నుంచి ఓష్ వరకు ఉన్న భాగం 1930లలో సోవియట్ వాళ్లు వేశారు. వీసా ఒక్కటే సరిపోదు, ఈ పామీర్ ప్రాంతానికి విడిగా పర్మిట్ ఉండాలి, ఈ-వీసాకి అప్లై చేసేటప్పుడే దాన్ని కూడా తీసుకోవచ్చు. చెక్‌పోస్టుల్లో ప్రతిసారీ అడుగుతారు కాబట్టి జిరాక్సులు చాలా ఉంచుకోండి. నగదు కూడా ఖోరోగ్‌లోనే సొమోనీల్లో (తజిక్ డబ్బు) తీసిపెట్టుకోండి.

నది కొన్ని చోట్ల ఎంత ఇరుకుగా ఉంటుందంటే అవతల నడిచేవాళ్ల బట్టల రంగులు కూడా తెలుస్తాయి. గాడిద మీద గడ్డిమోపు, బడి నుంచి వస్తున్న పిల్లలు, గోధుమ కోస్తున్న ఇల్లాలు. నేను చెయ్యూపితే వాళ్లూ ఊపారు. అక్కడికి వెళ్లడానికి మాత్రం వీల్లేదు.

ఈ నదిని సరిహద్దు చేసింది ఇక్కడి మనుషులు కాదు. బ్రిటిష్ ఇండియా, రష్యా సామ్రాజ్యాలు ఒకదానికొకటి తగలకూడదని 1895లో ఒప్పందం చేసుకుని మధ్యలో సన్నని పట్టీలా వఖాన్‌ని అఫ్ఘానిస్తాన్‌కి వదిలేశాయి. ఆ పట్టీకి వెనక గోడలా నిలబడి కనిపించే హిందూకుష్ శిఖరాల అవతల పాకిస్తాన్. రెండు ఒడ్డుల మీదా ఉన్నది వఖీ మాట్లాడే ఇస్మాయిలీ (షియాల్లో ఒక శాఖ) ముస్లింలే, భాష అదే, నమ్మకం అదే. ఇష్కాషిమ్‌లో ఒకప్పుడు నది మధ్య లంకలో శనివారం సంత జరిగేదట, రెండు వైపుల వాళ్లూ వచ్చేవాళ్లట. నేను వెళ్లినప్పుడు అది లేదు. నేను ఉన్న ఇంటి పెద్దావిడ కిటికీలోంచి అవతలి ఊరు చూపించి, ఖోరోగ్‌లో చదువుకునే కూతురితో ఇంగ్లిష్‌లో చెప్పించింది: వాళ్ల అమ్మమ్మ పుట్టిల్లు అదేనట, తను ఎప్పుడూ వెళ్లలేదట. పొయ్యి మీద పొగ లేస్తే వాళ్లు లేచారని తెలుస్తుంది, అంతవరకే. నాకు దుఃఖమూ కోపమూ రెండూ వచ్చాయి.

ఆ ఇళ్ల గురించి కూడా చెప్పాలి. పామీరీ ఇంటిని చీద్ అంటారు. లోపల ఐదు స్తంభాలు ఉంటాయి, అవి ముహమ్మద్, అలీ, ఫాతిమా, హసన్, హుసేన్‌లకు గుర్తు. పైకప్పులో ఒకదాని మీద ఒకటి నాలుగు చతురస్రాలుగా తెరుచుకునే వెలుతురు కిటికీ నేల, నీరు, గాలి, నిప్పులకు గుర్తు. అది ఇస్లాంకి ముందటి నమ్మకాల నుంచి వచ్చిందంటారు. పొద్దున షీర్‌చాయ్ పోస్తారు, పాలు, ఉప్పు, వెన్న వేసిన టీ, అందులో రొట్టె తుంచి వేసుకుని తింటారు. మొదటి గుక్క ఏదోలా ఉంటుంది, రెండో రోజుకి అది లేకపోతే చలికి ఆగలేం. వ్రాంగ్‌లో కొండ మీద బౌద్ధ కట్టడం శిథిలాలు ఉన్నాయి. మన ధాన్యకటకం చూసి వెళ్లిన హ్యూయన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో చైనాకి తిరిగి వెళ్లింది ఈ వఖాన్ మీదుగానే. అక్కడ కూర్చుని చాలాసేపు కదల్లేకపోయాను.

లంగర్ దాటాక పంజ్ ఉండదు, దానిలో కలిసే పామీర్ నది వెంట ఖర్గుష్ దాకా ఎక్కుతాం, ఆ తర్వాత దారి ఉత్తరానికి తిరుగుతుంది, చెట్టన్నది కనిపించదు. 3,600 మీటర్ల ఎత్తున ముర్గాబ్, అక్కడ బజారంటే పాత కంటెయినర్ల వరసే. ఊళ్లో ఎక్కువమంది కిర్గిజ్‌లు. సోవియట్ రోజుల్లో వచ్చే బొగ్గు ఆగిపోయాక తెరెస్కెన్ అనే పొదని వేళ్లతో సహా పీకి పొయ్యిలో పెడుతున్నారు, అది పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి ఊరి చుట్టూ నేల బోడి అయిపోతోంది. ఇది నన్ను బాగా కలచివేసింది, చలికాలంలో వాళ్లకి ఇంకేం దారి ఉంది?

అక్కడి నుంచి 4,655 మీటర్ల అక్‌బైతల్ కనుమ, ఆ తర్వాత ఉల్క పడిన గుంటలో ఏర్పడిన కారాకుల్ ఉప్పు సరస్సు. కుడిపక్కన మైళ్ల పొడవునా చైనా వైపు సోవియట్ కాలం నాటి ముళ్లకంచె. నా మాట వినేవాళ్లకి ఒకటి చెబుతాను: వీలుంటే దుషాన్‌బే వైపు నుంచే మొదలుపెట్టండి. ఎత్తు కొద్దికొద్దిగా పెరుగుతుంది, ఒళ్లు అలవాటు పడుతుంది. ఓష్ నుంచి వస్తే వెయ్యి మీటర్ల నుంచి నాలుగు వేలకి ఒక్క రోజులో ఎక్కేస్తారు. కారాకుల్‌లో సరస్సు పక్క ఊళ్లో అలా వచ్చిన ఇద్దరు తలనొప్పితో, వాంతులతో లేవలేక పడుకుని ఉన్నారు.

కిజిల్‌ఆర్ట్ కనుమ దగ్గర తజికిస్తాన్, కిర్గిజ్‌స్తాన్ చెక్‌పోస్టుల మధ్య ఇరవై కిలోమీటర్ల దాకా దూరం, అక్కడ ఏ బండీ దొరకదు, ముందే మాట్లాడుకోవాలి. 2021 ఘర్షణల తర్వాత చాలాకాలం మూతపడిన ఈ రెండు దేశాల సరిహద్దు విషయంలో 2025 మార్చిలో ఒప్పందం కుదిరింది, అయినా బయల్దేరే ముందు తాజా రూల్స్ కనుక్కోండి. నేను మాత్రం మళ్లీ వెళ్తే ఓష్ దాకా పరుగెత్తను, ఇష్కాషిమ్‌కీ లంగర్‌కీ మధ్యే ఉండిపోతాను, ఆ సంత తిరిగి మొదలైతే ఆ శనివారానికే వెళ్తాను.