పాతిక వేలలో కెమెరా: అమ్మ హార్బర్ మానేసేలోపు

మా అమ్మ ఇరవై రెండేళ్లుగా విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు వేలంలో పాడుకుని తెచ్చి పెదవాల్తేరు వీధుల్లో అమ్ముతోంది. మోకాళ్ల నొప్పులు ముదిరిపోయి, 2024 సంక్రాంతి వెళ్లగానే "ఈ యేడు ఏట ఆపేదాకా సేస్తాను, ఆ తరవాత నా వల్ల కాదే" అనేసింది. వేట ఆపేదంటే ఏప్రిల్ 15. మన తూర్పు తీరంలో ఏటా ఆ రోజు నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లు సముద్రంలోకి వెళ్లకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలమని.

ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అమ్మ పనిలో ఉండగా తీసిన ఫోటో మా ఇంట్లో ఒక్కటంటే ఒక్కటి లేదు. పెళ్లిళ్లలో వరసగా నిలబడి తీయించుకున్నవి, ఆధార్ కార్డు మీదిది, అంతే. అంతకు ముందు నవంబరులోనే హార్బర్‌లో మంటలు లేచి ఒక్క రాత్రిలో పదుల బోట్లు కాలిపోయాయి కదా, అప్పుడు అమ్మ కాలిపోయిన ఒక బోటుని తలుచుకుని "ఆ బోటు సేపలు ఎన్నిసార్లు కొన్నానో" అని ఏడుస్తుంటే చూపించడానికి ఆ బోటు ఫోటో కూడా మా దగ్గర లేకపోయింది. ఈసారి అలా జరగకూడదనుకున్నాను. మూడు నెలల టైము, చేతిలో చీటీ పాడుకుంటే వచ్చిన పాతిక వేలు.

ముందు ఫోనుతోనే ప్రయత్నించాను. తెల్లవారుజామున నాలుగున్నరకి హార్బర్‌లో వెలుతురంటే పైన ఎక్కడో ఒక పెద్ద లైటు, బోట్ల మీద బల్బులు, పాట పాడేవాళ్ల చేతుల్లో టార్చిలైట్లు. ఫోన్ నైట్ మోడ్‌లో గబగబా చాలా ఫ్రేములు తీసి కలిపి ఒక ఫోటో చేస్తుంది. కదలకుండా ఉన్న బోటు చక్కగా వచ్చింది, దాని మీద రాసిన అంకెలు కూడా చదవొచ్చు. అమ్మ చెయ్యి మాత్రం పొగలా వచ్చింది. పాట జరిగేటప్పుడు అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగదు: చేప మొప్ప ఎత్తి చూస్తుంది, వేళ్లతో లెక్క చెబుతుంది, నడుం దగ్గర దోపుకున్న సంచి తడుముకుంటుంది. నాకు కావలసింది ఆ చేతులే.

కాబట్టి కెమెరా కొనాలి. సిటీలో ఒక షోరూంకి వెళ్తే కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే మామూలు లెన్స్) కొత్త డీఎస్ఎల్ఆర్, అంటే లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, ఏది అడిగినా నలభై వేల పైమాటే. నా బడ్జెట్ చెప్పగానే ఒక జూమ్ కెమెరా తీసి చూపించారు, 20 మెగాపిక్సెల్, 40 రెట్ల జూమ్, కొత్తది, వారంటీతో. కౌంటర్ దగ్గర నిలబడి ఎదురుగా రోడ్డు అవతలి బోర్డు జూమ్ చేస్తే అక్షరాలు దగ్గరికి వచ్చేశాయి. దాదాపు డబ్బు కట్టేసేదాన్ని. రేపు వస్తానని చెప్పి గాజువాకలో పెళ్లి ఫోటోలు తీసే మా పెదనాన్న కొడుక్కి ఫోన్ చేశాను.

అన్నయ్య ధర అడగలేదు, కంపెనీ అడగలేదు. "ఏం తీస్తావు చెల్లీ, ఎక్కడ, ఎన్ని గంటలకి, ఎంత దూరం నుంచి?" అన్నాడు. చెప్పాను. "అయితే నీకు జూమ్‌తో పనే లేదు. అమ్మ పక్కన రెండడుగుల్లో నిలబడతావు. నీకు కావలసింది వెలుతురు పట్టేది" అన్నాడు. అప్పటిదాకా నేను మెగాపిక్సెల్స్ చూస్తున్నాను, అసలు సంగతి కెమెరా లోపల వెలుతురు పట్టే పలక, అదే సెన్సర్, దాని సైజులో ఉందని అప్పుడే తెలిసింది. ఆ జూమ్ కెమెరాలో సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు, అంటే చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. మామూలు డీఎస్ఎల్ఆర్‌లో ఉండే ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్ 23.5 పొడవు, 15.6 వెడల్పు. గుణించి చూస్తే పదమూడు రెట్ల జాగా. వాన పడేటప్పుడు గిన్నె పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్నంత తేడా. పైగా చిన్న కెమెరాల్లో జూమ్ చేస్తున్నకొద్దీ లెన్స్ నోరు ఇరుకైపోతుంది, వచ్చే కాస్త వెలుతురూ తగ్గిపోతుంది.

ఇక సెకండ్ హ్యాండ్ తప్ప దారి లేదు. పాత బాడీ (లెన్స్ కాకుండా కెమెరా మాత్రం) చవకలో తీసుకుని, మిగిలిన డబ్బు మంచి లెన్స్ మీద పెట్టాలని నిర్ణయించుకున్నాం. ఈ లెక్క అందరికీ కుదరదు. కొండకర్ల ఆవ సరస్సులో పక్షుల్ని తీయాలనుకునేవాళ్లకి దూరం లాగే లెన్స్ కావాలి, వాళ్లకి ఆ జూమ్ కెమెరానే పనికి రావచ్చు. నాది చీకటి, దగ్గర, కదిలే చేతులు.

మొదట దొరికింది నికాన్ డీ3300 బాడీ, దానితో పాటు 50 ఎంఎం ఎఫ్ 1.8 డీ లెన్స్. ఎంఎం అంకె పెరిగేకొద్దీ లెన్స్ దూరం లాగుతుంది, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ దాని నోరు పెద్దగా తెరుచుకుంటుంది. ధర బాగుంది, లెన్స్ అద్దం మెరిసిపోతోంది. బిగించి చూస్తే ఫోకస్ పడదు. బటన్ నొక్కుతూనే ఉన్నాను, ఏమీ కదలదు. అమ్మేవాళ్లు "సెట్టింగ్ ఏదో మారి ఉంటుంది, ఇంటికెళ్లి చూసుకోండి" అన్నారు. సెట్టింగ్ కాదు. నికాన్‌లో డీ3000, డీ5000 వరసల కెమెరాల బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. ఇలా పేరు చివర డీ ఉన్న పాత ఏఎఫ్-డీ లెన్సుల్లోనూ ఉండదు, అవి బాడీలో ఉన్న మోటారు మీద ఆధారపడి తిరుగుతాయి. రెండింటినీ కలిపితే చేత్తో రింగు తిప్పుకుంటూ ఫోకస్ చేసుకోవడమే. తెల్లవారుజామున, తోపులాటలో, అది నాతో అయ్యే పని కాదు. లెన్స్ మీద ఏఎఫ్-ఎస్ అని రాసి ఉందా అని చూసుకోవాలి. మౌంట్ (లెన్స్ బిగించే చోటు) పట్టినంత మాత్రాన లెన్స్ పనిచేసినట్టు కాదు. నికాన్ చూస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్క విషయం మర్చిపోవద్దు.

రెండోసారి ఇంకా బాధపడ్డాను. నాకు కావలసిన 35 ఎంఎం ఎఫ్ 1.8 జీ లెన్సే, ఐదు వేలకి. అన్నయ్య ఫోన్‌లో చెప్పినట్టే చేశాను. వెనక మూత తీసి, అక్కడుండే చిన్న లివర్‌ని వేలితో నెట్టి పట్టుకుంటే లోపలి రేకులు పూర్తిగా తెరుచుకుంటాయి. అప్పుడు ఫోన్ టార్చి ఒకవైపు నుంచి ఏటవాలుగా వేసి రెండోవైపు నుంచి చూడాలి. మామూలుగా చూస్తే తళతళలాడుతున్న అద్దం లోపల, అంచు నుంచి మధ్యకి తెల్లటి దారాలు పాకి ఉన్నాయి, మర్రి ఊడల్లా కొమ్మలు వేసుకుంటూ. ఫంగస్. సముద్రం పక్కన ఊరు, గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే, బీరువాలో బ్యాగులోనే వదిలేసిన లెన్సుకి ఇక్కడ ఇది రావడం మామూలే. శుభ్రం చేయిస్తే పోతుందన్నారు కానీ, బాగా పట్టాక అద్దం మీద పూతని తినేస్తుంది, ఆ మచ్చలు పోవు. ఐదు వేలు మళ్లీ సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. అప్పటికి మార్చి పది దాటింది, నిజంగా టెన్షన్ మొదలైంది.

చివరికి కెమెరా దొరికింది సీతమ్మధారలో, ఒక రిటైరైన పెద్దాయన దగ్గర. కొడుకు విదేశం వెళ్లిపోయాడట, ఎవరూ వాడటం లేదు. మళ్లీ డీ3300 బాడీయే, 18-55 కిట్ లెన్స్‌తో. "అంకుల్, ఒక గంట పడుతుంది, అన్నీ చూసుకుంటాను, ఏమీ అనుకోవద్దు" అంటే "చూసుకోమ్మా, నీ డబ్బు" అని కుర్చీ వేసి మంచినీళ్లిచ్చారు. ఆయన కెమెరాని రబ్బరు పట్టీ ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి ఉంచారు. అది చూశాకే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆ గంటలో ఏం చూశానంటే, బిల్లు మీద సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనా అని ముందు చూసుకున్నాను. ఒక ఫోటో తీసి ఫోన్‌లోకి ఎక్కించుకుని షట్టర్ (ఫోటో తీసేటప్పుడు తెరుచుకుని మూసుకునే తెర) ఎన్నిసార్లు పడిందో చూశాను, నికాన్‌లో ఆ లెక్క ఫోటో ఫైలులోనే ఉంటుంది. పదకొండు వేల చిల్లర. ఈ తరగతి కెమెరాల షట్టర్‌ని లక్ష సార్లకి పరీక్షిస్తారు, కాబట్టి ఇంకా చాలా జీవితం ఉంది. తర్వాత డాబా ఎక్కి ఎఫ్ 16లో ఖాళీ ఆకాశాన్ని తీశాను, సెన్సర్ మీద దుమ్ముంటే నల్లటి చుక్కలుగా కనబడుతుంది. ఒక మూల రెండు చుక్కలు, బ్లోయర్‌తో ఊదితే పోయాయి. మూత పెట్టి ఒక ఫోటో తీస్తే పాడైన పిక్సెల్స్ రంగు చుక్కల్లా తేలతాయి, ఏమీ లేవు. బ్యాటరీ బల్ల మీద పెట్టి చూశాను, ఉబ్బి ఉంటే బొంగరంలా తిరుగుతుంది. ప్రతి బటన్ నొక్కాను, ప్రతి డయల్ తిప్పాను. కిట్ లెన్స్ పక్క బటన్ నొక్కి ముందుకి తిప్పితేనే తెరుచుకుంటుందని తెలియక రెండు నిమిషాలు ఇబ్బంది పడితే పెద్దాయనే చూపించారు. పదహారున్నర చెప్పి పదిహేనున్నరకి ఇచ్చారు.

ఫంగస్ లేని 35 ఎంఎం లెన్స్ అన్నయ్యే వాళ్ల స్టూడియో స్నేహితుడి దగ్గర 7,800కి ఇప్పించాడు. దీనికోసం ఎందుకింత పట్టుబట్టానో చెబుతాను. కిట్ లెన్స్‌ని 35 దగ్గర పెడితే దాని నోరు ఎఫ్ 4.5 కన్నా పెద్దగా తెరుచుకోదు. ఇది ఎఫ్ 1.8. లెక్కేస్తే ఆరు రెట్ల వెలుతురు. కిట్ లెన్స్‌తో సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి ఉంచాల్సిన చోట, దీనితో నూట ఎనభయ్యో వంతు చాలు. ముప్పయ్యో వంతులో అమ్మ చెయ్యి పొగ, నూట ఎనభయ్యో వంతులో చెయ్యి.

32 జీబీ కార్డు 500, డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కలిపి 650. మొత్తం 24,450. జెల్ నారింజ రంగుది తీసుకున్నాను, తేమ పీల్చేశాక ఆకుపచ్చగా మారుతుంది, వంటకి వాడని పాత మూకుడులో సన్నసెగ మీద వేడి చేస్తే మళ్లీ నారింజ రంగుకి వస్తుంది. మీటరు ముల్లు 40, 50 మధ్య ఉండేలా చూసుకుంటున్నాను. హార్బర్ నుంచి వచ్చిన ప్రతిసారీ కాస్త తడి చేసిన మెత్తటి గుడ్డతో బాడీ తుడిచి, ఆరాకే డబ్బాలో పెడతాను. ఉప్పు గాలి ఊరికే వదలదు. లెన్స్ మార్చడం ఎప్పుడూ ఇంట్లోనే.

మార్చి ఆఖరి వారం నుంచి ఏప్రిల్ 14 దాకా పదకొండు రోజులు అమ్మతో వెళ్లాను. మొదటి రోజు అన్నీ పాడయ్యాయి, కెమెరా దానంతటదే నెమ్మది షట్టర్ ఎంచుకుంది. ఆ సాయంత్రం అన్నయ్య ఆటో ఐఎస్ఓలో (ఐఎస్ఓ అంటే వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపిస్తుందో ఆ అంకె) కనీస షట్టర్ 200, అంటే సెకనులో రెండువందలో వంతు, అనీ, ఐఎస్ఓ 3200 దాటొద్దనీ పెట్టించాడు. ఎపర్చర్, అంటే లెన్స్ నోరు, నేను ఎఫ్ 2.2లో ఉంచాను, పూర్తిగా తెరిస్తే ఒక వేలు స్పష్టంగా వచ్చి పక్క వేలు మసకబడుతోంది. రకరకాల లైట్ల కింద రంగులు పచ్చగా వస్తుంటే రా ఫైళ్లు (కెమెరా తన మార్పులు చేయని ముడి ఫైళ్లు) తీసి ఇంట్లో సరిచేసుకున్నాను. అమ్మ మొదట రెండు రోజులు "నన్నేటి తీస్తావే, ఆ కోనాం తియ్యి, ఎంతుందో సూడు" అంటూ చేపల వైపు చెయ్యి చూపించేది. మూడో రోజుకి నేనున్న సంగతే మర్చిపోయింది.

ఏప్రిల్ 14 పొద్దున తీసిన ఒక ఫోటోని పన్నెండు అంగుళాల సైజులో ప్రింట్ వేయించాను. ఐసు ముక్కల్లోంచి కోనాం తోక పట్టుకుని ఎత్తుతున్న అమ్మ కుడిచెయ్యి, మణికట్టు దగ్గర ఆకుపచ్చ గాజుకి అతుక్కున్న ఒక్క పొలుసు, బొటనవేలి పక్కన ఎప్పుడో కత్తి తెగిన గీత. అన్నీ ఉన్నాయి.

అమ్మ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లజోడు పెట్టుకుని చూసింది. చెయ్యి వంక చూడలేదు. "ఈ బుట్ట పద్దెనిమిది వందలకి పాడేను. పక్కామె పదిహేడు దాకా వచ్చి ఆగిపోయింది" అంది. కాసేపయ్యాక, "మొకం తీయనేదేటే?" అని అడిగింది. రెండో కవరు తీసి చేతిలో పెట్టాను.