పట్టు మీది 44 బొమ్మలు

నన్ను చైనాలోని చాంగ్‌షా నగరానికి రప్పించింది ఒక పట్టుగుడ్డ. 1973 చివర అక్కడి మావాంగ్‌దుయ్‌లో ఉన్న పురాతన సమాధుల్లో మూడోదాన్ని తవ్వినప్పుడు ముక్కలు ముక్కలుగా దొరికిన ఆ గుడ్డను నిపుణులు ఓపికగా అతికితే, వరుసకు 11 చొప్పున నాలుగు వరుసల్లో 44 మంది వ్యాయామం చేస్తున్న బొమ్మలు బయటపడ్డాయి. ఆ సమాధిని క్రీ.పూ. 168లో మూసివేశారు. ఇప్పుడు చీగాంగ్ అని పిలిచే, శ్వాసతో కలిపి నెమ్మదిగా చేసే కదలికల సాధనలకు ఆ రోజుల్లో ఉన్న పేరు దావోయిన్. చీగాంగ్ అన్న మాట జనంలోకి వచ్చింది 1950ల తరువాతే. మెడనొప్పి తగ్గుతుందేమోనన్న ఆశతో మూడేళ్లుగా హైదరాబాదులో వీడియోలు చూస్తూ బాద్వాన్‌జిన్ అనే చీగాంగ్ సాధన చేస్తున్న నాకు, ఆ బొమ్మల ఎదుట ఒక్కసారైనా నిలబడాలని బలంగా అనిపించింది.

గ్వాంగ్‌జౌలో చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు తోడు వచ్చింది. హైస్పీడ్ రైల్లో దాదాపు రెండున్నర గంటల ప్రయాణం.

హునాన్ మ్యూజియంలో ఆ చిత్రం ముందు గంటకు పైగా నిలబడిపోయాను. స్త్రీలు, పురుషులు, ముసలివాళ్లు, పడుచువాళ్లు అందరూ ఉన్నారు. కొందరికి నడుము పైభాగాన బట్టలు లేవు. ఒకరు పొడవాటి కర్ర పట్టుకుని వంగి ఉన్నారు. ఎలుగుబంటి, పక్షి, కోతి వంటి జంతువుల కదలికలూ ఉన్నాయి. దాదాపు నాలుగు శతాబ్దాల తరువాతి వైద్యుడు హువా తువో పేరిట ప్రసిద్ధమైన అయిదు జంతువుల ఆట, వూచిన్‌షీలోనూ ఈ మూడూ కనిపిస్తాయి. కదులుతూ ఉండే తలుపు ఇరుసు పుచ్చిపోదని హువా తువో తన శిష్యుడికి చెప్పినట్లు చైనా చరిత్ర గ్రంథాల్లో ఉంది. అయితే నన్ను కదిలించినవి బొమ్మల పక్కన రాసిన చిన్న చిన్న పేర్లు. అమ్మాయి వివరణ ఫలకం చూస్తూ ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది: మోకాలి నొప్పికి, చెవుడుకు, మెడకు. ఇరవై ఒక్క శతాబ్దాలకు మునుపే ఎవరో మెడ పట్టేసిన మనిషిని గుర్తుపెట్టుకుని ఒక బొమ్మ గీశారన్న తలపుకు నా కళ్లు చెమర్చాయి.

మర్నాడు తెల్లవారుజామునే మ్యూజియం పక్కనున్న అమరవీరుల ఉద్యానవనానికి వెళ్లాం. చెట్ల కింద ఇరవై మంది దాకా, ఎక్కువగా అరవై దాటినవాళ్లే, బాద్వాన్‌జిన్‌కు సిద్ధమవుతున్నారు. ఆ పేరుకు ఎనిమిది జరీపట్టు తునకలని అర్థం; ఒక్కో తునక ఒక్కో కదలిక. సోంగ్ వంశ కాలపు (10-13 శతాబ్దాల) రచనల్లోనే ఆ పేరు కనిపిస్తుంది. 2003లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం ప్రామాణికంగా రూపొందించిన నాలుగు సాధనల్లో ఇదొకటి. ఆకాశాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టడంతో మొదలై, విల్లు ఎక్కుపెట్టడం, ఒక చేయి పైకీ మరొకటి కిందికీ నొక్కడం మీదుగా నాలుగో తునకకు వచ్చాం. వెనక్కి తిరిగి చూడడం అన్న ఈ తునకను నేను రోజూ మెడ కోసమే ప్రత్యేకంగా చేస్తాను.

అందరూ లావోషీ, అంటే గురువుగారు, అని పిలిచే పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, నా మెడను తాకకుండా రెండు అరచేతులనూ పట్టుకుని మెల్లగా బయటి వైపుకు తిప్పారు. "పెద్దమ్మా, మెడను బలవంతంగా తిప్పొద్దంటున్నారు, ముందు చేతులు తిప్పమంటున్నారు" అంది అమ్మాయి. అరచేతులు తిరిగేసరికి భుజాలు వాటంతట అవే వెనక్కి వెళ్లాయి, ఛాతీ విచ్చుకుంది, తల ఏ ప్రయాసా లేకుండా వెనక్కి తిరిగింది. ఫాంగ్‌సోంగ్, ఫాంగ్‌సోంగ్ అని ఆవిడ రెండుసార్లు అన్నారు, వదులుగా ఉంచమని. మూడేళ్లుగా నేను లాగుతూ వచ్చిన చోటునే వదిలేయాలని వీడియోలు చూసి గ్రహించలేకపోయాను. ఇటువంటివి పక్కన నిలబడి చేయి పట్టి చూపించే మనిషి ఉంటేనే తెలుస్తాయని నా నమ్మకం.

ఇది మందులకు బదులు కాదని, రక్తపోటు మాత్రలు మానవద్దని ఆవిడ ఒక పెద్దాయనకు గట్టిగా చెప్పడం కూడా విన్నాను. ఆ మాటతో ఆవిడ మీద నా గౌరవం మరింత పెరిగింది.

చివరి తునకలో మడమలు పైకెత్తి, ఒక క్షణం నిలిచి, నెమ్మదిగా నేలకు దించాలి. అలా ఏడుసార్లు. ఏడోసారి ఇరవై జతల మడమలు ఒక్కసారిగా రాతి నేలను తాకిన మెత్తని చప్పుడు నా పాదాల గుండా వెన్నులోకి పాకింది.