ముకుతాడు లేని ఒంగోలు పశువులు

బ్రెజిల్‌లోని కాంపినాస్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఆదివారం మా టీమ్ లీడరు భోజనానికి పిలిచాడు. పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతోంది. ఒక ముక్క కోసి నా పళ్ళెంలో వేస్తూ "ఇది కుపిం. నెలోరి కుపిం. తిని చూడు" అన్నాడు. కుపిం అంటే ఏమిటని అడిగితే చెయ్యి వెనక్కి పెట్టి భుజాల మధ్య తట్టి చూపించాడు. మూపురం! నెలోరి అంటే మన నెల్లూరు. నాకు ముద్ద దిగలేదు. అన్నం, బీన్స్ తిని లేచాను.

మాది ఒంగోలు పక్క పల్లె. తాతయ్యకు రెండు జతల ఎడ్లుండేవి. సంక్రాంతికి వాటి కొమ్ములకు రంగులు వేసే పని నాది. ఇంటికి ట్రాక్టరు వచ్చాక 1998లో ఆఖరి జత అమ్మేశారు. ఆ సాయంత్రం తాతయ్య ఖాళీ గాడి దగ్గర కూర్చుని పలుపులు చుట్టి దాచుకున్నాడు.

మన ఒంగోలు పశువులు ఇక్కడికి ఎలా వచ్చాయో తరవాత తెలుసుకున్నాను. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి ఇక్కడి సాల్వదోర్ రేవులో ఆగినప్పుడు రెండింటిని అక్కడ అమ్మారని చెప్తారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది, అందుకే ఆ పేరు. 1960ల మొదట్లో మరికొన్ని మేలుజాతి గిత్తలను తెచ్చుకున్నారు. వాటిలో పేరుమోసిన గిత్త పేరు కర్వాది. మా కరవది ఊరి పేరే. ఈనాడు బ్రెజిల్‌లో పశువులు ఇరవై కోట్లకు పైనే. మాంసానికి పెంచే వాటిలో అత్యధిక భాగం ఈ నెత్తురే.

నిరుడు ఆగస్టులో సెలవు దొరికింది. ఆరింటికి మొదలయ్యే హైదరాబాద్ కాల్స్ పక్కన పెట్టి కాంపు గ్రాందికి విమానమెక్కాను. అక్కడి నుంచి పడమరగా మూడు నాలుగు గంటల ప్రయాణం. మిరాండా దగ్గర కైమాన్ అనే ఫజెండా, అంటే పశువుల ఎస్టేటు. 53 వేల హెక్టార్ల గడ్డి, చెరువులు, చెట్ల దిబ్బలు. పశువుల పెంపకమూ వన్యప్రాణుల రక్షణా ఒకే నేల మీద నడుస్తాయి. అదంతా పంతనాల్, ఏటా వాన నీళ్ళు నిలిచే మైదానం. నీళ్ళు పెరిగితే పశువులను దిబ్బల మీదికి తోలుతారు. దిబ్బంటే చుట్టూ ఉన్న నేలకన్నా మనిషెత్తు ఎక్కువ, అంతే. ఆ కాస్త ఎత్తే ప్రాణం నిలబెడుతుంది.

పొద్దున్నే పశువుల కాపర్ల వెంట వెళ్ళాను. గుర్రం మీదున్న పెద్దాయన ఎద్దు కొమ్ముతో చేసిన బూర ఊదాడు. బెరాంతె అంటారు దాన్ని. మంచులోంచి తెల్లగా ఒకటి, పది, వందలు కదిలి వచ్చాయి. కాటుక పెట్టినట్టున్న కళ్ళు, నల్లటి ముట్టె, వేలాడే గంగడోలు. నా గొంతు పూడుకుపోయింది. పెద్దాయన దగ్గరికొచ్చి "భయమేస్తోందా బాబూ?" అని అడిగాడు. కాదండీ, ఇవి మా ఊరివి అన్నాను. నవ్వలేదు. టోపీ తీసి మందవైపు ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. కొమ్ముతో చేసిన గ్లాసులో తెరెరే అనే చల్లటి ఆకు పానీయం పోసి నా చేతికిచ్చాడు.

దొడ్డి దగ్గర చూసినదొకటి మరిచిపోలేను. అకురి అనే తాటి జాతి చెట్టుంది. పశువులు దాని కాయలు మింగి, పైగుజ్జు అరిగించుకుని, గట్టి గింజను వదిలేస్తాయి. ఎండిన పేడలో ఆ గింజల కోసం మీటరు పొడవున్న ముదురు నీలం చిలుకలు దిగాయి. ఒకటి కాలితో గింజ పట్టుకుని, ముక్కులో చిన్న ఆకు ముక్క ఆనించి జారకుండా చేసుకుని, టక్కున రెండు చేసింది. 1980ల చివర పంతనాల్‌లో ఈ చిలుకలు దాదాపు 1,500 మిగిలాయి. 1990లో నేవా గేదిస్ అనే పరిశోధకురాలు గూళ్ళు కాపాడే పని మొదలుపెట్టారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. పేడలో మా ఒంగోలు ఆవు వదిలిన గింజ ఆ పక్షికి తిండి అవుతోందంటే నాకు ఎంత సంతోషమనిపించిందో!

జాగ్వార్‌ను కూడా చూశాను, సాయంత్రం, చెరువు గట్టున. దూడలను పట్టుకుపోతుంది. వెనకటి రోజుల్లో అలాంటి దాన్ని కుక్కలతో తరిమి కాల్చేవారు. ఇక్కడ 2011 నుంచి వాటిని కాపాడే బృందం పనిచేస్తోంది. దూడ పోతే బాధ లేదా అని పెద్దాయనను అడిగాను. "ఉంటుంది. పొదుగు నిండిన తల్లి మూడు రోజులు అరుస్తుంది. ఆ అరుపు మాకూ వినబడుతుంది" అన్నాడు. మందంతా చివరికి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ మాట ఇద్దరం ఎత్తలేదు.

మర్నాడు ఏడింటికి దొడ్డి దగ్గర్నుంచే నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ సాయంత్రం నాలుగున్నర. ఫోను మందవైపు తిప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

"ముకుతాళ్ళేవిరా?" అన్నారు.

"వెయ్యరు నాన్నా. దున్నే పని లేదుగా."

"అదుగో, ఆ మూలనున్న కోడె. కొంచెం దగ్గరికి పోనియ్. మూపురం ఏ పక్కకి వాలిందో చూస్తా."

కంచె దాకా నడిచి ఫోను దాని వైపు పెట్టాను. కోడె తల ఎత్తి చూసింది.